ఊరి సేవా సంఘం: పైసలు ఎట్లా తేవాలి, ఎట్లా ఖర్చు పెట్టాలి

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో తిరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. పంచాయతీ ఆఫీసు పక్కన ఒక రేకుల షెడ్డు. దాని మీద దాత పేరు, ప్రారంభించిన నాయకుడి పేరు, తేదీ. లోపల వాటర్ ప్లాంటు, తలుపుకు తాళం. ఎందుకు బందయిందని అడిగితే ఒక్కో ఊరిలో ఒక్కో జవాబు వస్తుంది. మోటారు కాలింది, నీళ్లను వడకట్టే మెంబ్రేన్ పోయింది, కరెంటు బిల్లు కట్టే దిక్కు లేదు, నడిపే పిల్లాడు హైదరాబాద్ పోయాడు. అన్నీ కలిపి చూస్తే సంగతి ఒక్కటే. ప్లాంటు కొనడానికి చందా వచ్చింది, నడపడానికి రాలేదు. నడిపే ఖర్చు కూడా దానమేనని ఎవరికీ తట్టలేదు.

పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం అయిపోయాక "ఊరికి ఏదన్నా చేద్దాం రా" అనుకున్న దోస్తులు, ఇప్పటికే సంఘం పెట్టి కిందా మీదా పడుతున్న యువకులు, అమెరికా నుంచో ముంబై నుంచో సొంతూరికి పైసలు పంపాలనుకునేవాళ్లు, మీ అందరి కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలవే.

1. ఏం కొనాలన్న మాట పక్కన పెట్టండి

చాలా సంఘాలు వస్తువుతో మొదలవుతాయి. బడికి డిజిటల్ బోర్డు ఇద్దాం, ఊరికి ప్లాంటు పెడదాం, నల్లమలలో చెంచుల గూడేలైన పెంటలకు పోయి దుప్పట్లు పంచుదాం. వస్తువైతే ఫొటో బాగా వస్తుంది, ఒక్క రోజులో పని అయిపోతుంది. కానీ బడిలో నీళ్లు లేక బాత్రూములకు తాళం పడి ఉంటే, మధ్యాహ్నం ఇంటికి పోయిన ఆడపిల్ల ఆ డిజిటల్ బోర్డును చూసేదెప్పుడు?

ముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు కలిపి ఒక్క వాక్యంగా రాయండి. ఎవరికి, ఏ ఇబ్బంది, ఏడాది తర్వాత ఏం మారాలి. "పేద విద్యార్థులకు సాయం" అని రాస్తే అది లెక్కలోకి రాదు. "మా తండా నుంచి పుణె, ముంబై వలస పోయే కుటుంబాల పిల్లలు మధ్యలో బడి మానేస్తున్నారు, వచ్చే ఏడాది వాళ్లలో సగం మందైనా పరీక్షల దాకా బడిలో ఉండాలి" అని రాస్తే అది పనికొచ్చే వాక్యం.

ఆ వాక్యం నిజమో కాదో ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్‌ను, ఆడవాళ్ల పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య లీడర్‌ను అడగండి. సర్పంచ్‌ను కూడా అడగాలి, కానీ ఆయన ఒక్కడినే అడిగి వెనక్కి రావద్దు. ఇబ్బంది పడుతున్నవాళ్ల ఇంటికి పోయి కూర్చోండి. మొదటిసారి పోతే మీకు నచ్చే జవాబే చెబుతారు. రెండోసారి, చేతిలో కెమెరా లేకుండా పోతే అసలు మాట బయటికి వస్తుంది.

సర్కారు ఇప్పటికే ఏం ఇస్తోందో కూడా చూడాలి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్న ఊళ్లో మళ్లీ ప్లాంటు ఎందుకు? నల్లా నీళ్లు రోజూ రావడం లేదా, వచ్చినా జనం తాగడం లేదా, ట్యాంకు కడగడం లేదా? ఒక్కో కారణానికి ఒక్కో మందు. ట్యాంకు కడిగించే పనికి లక్షలు అక్కరలేదు. వివరాలు చెప్పకుండా ఆఫీసులో నీళ్లు నములుతుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నీళ్ల విషయంలో చాలామంది పొరపడే చోటు ఇంకొకటి ఉంది. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపే, పెన్ను లాంటి టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకుని గ్లాసులో ముంచి, అంకె తక్కువ వచ్చింది కాబట్టి నీళ్లు మంచివే అంటారు. మన నల్లగొండ వైపు బోరు నీళ్లతో వచ్చి ఎముకలను, పళ్లను దెబ్బతీసే ఫ్లోరైడ్‌ను టీడీఎస్ మీటరు విడిగా చూపించదు. ఫ్లోరైడ్‌కు వేరే పరీక్ష ఉంది, ల్యాబ్‌లో చేయించాలి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ రిపోర్టు చేతికి రాకముందు ప్లాంటు కంపెనీవాళ్లతో మాట్లాడటం అనవసరం. వాళ్లు ఎట్లాగూ ప్లాంటు కావాలనే చెబుతారు.

2. పూర్తి ఖర్చు రాయండి, అయిదేళ్లది

ఇక్కడ ఎంత ఓపిక పడితే తర్వాత అంత టెన్షన్ తగ్గుతుంది. వాటర్ ప్లాంటునే తీసుకుందాం. ఇవి ఉదాహరణ కోసం వేసిన అంకెలు, మీ ఊరి ధరలతో మీరు మార్చుకోండి.

ప్లాంటు, షెడ్డు, బోరు మోటారు కలిపి 6 లక్షలు అనుకోండి. దాతకు చెప్పేది ఇదే, బోర్డు మీదికి ఎక్కేదీ ఇదే. ఇప్పుడు నెల ఖర్చు చూడండి. నడిపే మనిషికి 8,000. కరెంటుకు 5,000. ఫిల్టర్లు, మందులకు 2,000. రెండు మూడేళ్లకోసారి మెంబ్రేన్ మార్చాలి కాబట్టి దానికోసం నెలనెలా పక్కన పెట్టేది 2,500. నీళ్ల పరీక్షకు 500. రిపేర్లకు 2,000. మొత్తం 20,000. అయిదేళ్లంటే 60 నెలలు, అంటే 12 లక్షలు. కొన్నదానికి రెండింతలు నడపడానికే కావాలి. ఖర్చు తడిసి మోపెడు కావడం అంటే ఇదే, కాకపోతే ఇది ముందే కనిపించే మోపు.

ఆదాయం కూడా రాద్దాం. 20 లీటర్ల డబ్బా 5 రూపాయలకు, రోజుకు 100 డబ్బాలు అమ్మితే నెలకు 15,000. ఇంకా 5,000 తక్కువ. అయిదేళ్లకు 3 లక్షల లోటు. కాబట్టి మీరు దాతలను అడగాల్సింది 6 లక్షలు కాదు, 9 లక్షలు. లేదంటే డబ్బా 7 రూపాయలు చేయండి, నెలకు 21,000 వచ్చి ఖర్చు సరిపోతుంది. ఏది చేయాలో మీరు గదిలో కూర్చుని తేల్చవద్దు. గ్రామ సమాఖ్య మీటింగులో ఆడవాళ్ల ముందు ఈ లెక్క పెట్టండి. బిందె పట్టుకుని లైన్లో నిలబడేది వాళ్లే, రెండు రూపాయలు పెరిగితే కొంటారో లేదో వాళ్లకే తెలుసు.

లెక్కలో సాధారణంగా ఎగిరిపోయేది వ్యర్థ జలం. లోపలికి పోయిన నీళ్లలో సగం అటూ ఇటూగా బయటికి వదిలేయాల్సి వస్తుంది. ఫ్లోరైడ్ అంతా ఆ వదిలిన నీళ్లలోనే చిక్కగా ఉంటుంది. షెడ్డు వెనక గుంటలో ఇంకించేస్తే ఆ ఫ్లోరైడ్ తిరిగి భూమిలోకే చేరుతుంది. దాన్ని ఎక్కడికి పంపాలో, పైపుకు ఎంత అవుతుందో అంచనాలో రాసి ఉండాలి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతి ఒకటి తయారు చేశారు. దానికి పేరే నల్లగొండ టెక్నిక్. ఇథియోపియా, టాంజానియా దాకా ఆ పేరుతోనే పోయింది. చవకైన పద్ధతి, కానీ నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో చూసి, తగిన మోతాదు కొలిచి, రోజూ కలిపే మనిషి ఉండాలి. కింద పేరుకున్న మడ్డిని తీసేయాలి. ఆ మనిషికి జీతం లేని చోట అంత చవకైన పద్ధతి కూడా నిలబడదు. యంత్రం ఏదైనా సరే, మీ అంచనాలో మనిషి పేరున ఒక లైను లేకపోతే ఆ అంచనా వెనక్కి పంపండి.

3. "ఆఫీసు ఖర్చుకు రూపాయి కూడా పోదు" అని కరపత్రంలో రాయకండి

దాతలు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. మేమిచ్చే దాంట్లో జీతాలకు ఎంత, ఆఫీసుకు ఎంత? సంఘాలు కూడా సున్నా అని చెప్పి మురిసిపోతాయి. సున్నా అంటే ఆ పని ఎవరో ఉచితంగా చేస్తూ ఉండాలి, లేదంటే ఆ పని జరగకుండా ఉండాలి. ఉచితంగా చేసేవాడు రెండేళ్లకు పెళ్లయి, ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. అతనితో పాటే లెక్కల పుస్తకం కూడా పోతుంది.

ఒక లెక్క పెట్టి చూడండి. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుతో నడుము వంగి, కాళ్లు చచ్చుబడినవాళ్లు, దివ్యాంగుల పింఛనుకు అర్హత ఉండీ అందనివాళ్లు మీ చుట్టుపక్కల ఊళ్లలో 30 మంది ఉన్నారనుకోండి. వాళ్ల దగ్గర సర్టిఫికెట్ ఉండదు. వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకు (జనం సదరం క్యాంపు అంటారు) స్లాటు దొరకాలి, నల్లగొండ దాకా ఆటోలో తీసుకుపోవాలి, వెంట ఒక మనిషి ఉండాలి, 40 శాతం వైకల్యం ఉన్నట్టు డాక్టరు రాయాలి, తర్వాత మండల ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈ పని కోసం ఒక అమ్మాయిని నెలకు 10,000 జీతంతో ఆరు నెలలు పెట్టుకున్నారు. 60,000. ఆటోలకు, కాగితాలకు మనిషికి 1,500 చొప్పున 45,000. మొత్తం 1,05,000.

ఈ ఖర్చును వార్షిక నివేదికలో ఎట్లా చూపిస్తారు? సగానికి పైగా జీతం, మిగిలింది ప్రయాణం. పంచింది సున్నా. కరపత్రం భాషలో నూటికి నూరు పాళ్లు ఆఫీసు ఖర్చు. కానీ ఆ 30 మందిలో 20 మందికి పింఛను మంజూరైతే, నెలకు 4,016 చొప్పున 80,320 రూపాయలు ప్రతినెలా ఆ ఇళ్లకు చేరతాయి. ఏడాదికి 9 లక్షల 63 వేల పైచిలుకు. అదే 1,05,000తో వెయ్యి రూపాయల సరుకుల కిట్లు పంచితే 105 ఇళ్లకు కొన్ని రోజుల వంట గడుస్తుంది, ఫొటోలు మాత్రం 105 వస్తాయి. మంజూరు ఎప్పుడవుతుందో మీ చేతిలో ఉండదు, ఆలస్యం కావచ్చు, ఇరవై బదులు పది మందికే రావచ్చు. పదికే వచ్చినా లెక్క మీవైపే ఉంటుంది.

సర్కారును కదిలించడానికి పెట్టే ఖర్చు కూడా సేవ కిందికే వస్తుందని నల్లగొండకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి ఫ్లోరైడ్ గోడు దేశానికి వినిపించాలని మంచినీళ్ల కోసం కొట్లాడిన జలసాధన సమితి పిలుపుతో జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. ఒక్క నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు, బ్యాలెట్ పేపరును పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. ఆ తర్వాత దాన్ని 10,000 చేశారు. ఆ డిపాజిట్ల సొమ్ముతో కొన్ని బోర్లు వేయించవచ్చు కదా అని లెక్కలు కట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బోర్లే వేస్తే వచ్చేది మళ్లీ ఆ ఫ్లోరైడ్ నీళ్లే. మీ సంఘం ఎన్నికల్లో నిలబడాలని కాదు, పార్టీల జోలికి అసలే పోవద్దు. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి బాధితులను కలెక్టరేట్‌కు తీసుకుపోయే బస్సు కిరాయిని "ఇతర ఖర్చులు" అని దాచిపెట్టకుండా అసలు పని కిందే రాయండి.

దాత అడిగినప్పుడు ఈ మాట చెప్పవచ్చు: "జీతానికి ఇంత పోతుంది, ఆ జీతం తీసుకునే మనిషి ఏడాదిలో ఈ పని చేస్తుంది. పని కాకపోతే అడగండి." వినేవాళ్లు వింటారు. విననివాళ్ల డబ్బుతో నోటుబుక్కులు కొనండి, దానికీ ఒక చోటు ఉంది.

అట్లాగని జీతాల పేరుతో ఇల్లు చక్కబెట్టుకోవద్దు. అధ్యక్షుడి బామ్మర్దికి ఉద్యోగం, కార్యదర్శి ఇంటికే ఆఫీసు కిరాయి, ఇట్లాంటివి ఊళ్లో గంటలో తెలిసిపోతాయి. పెద్దల బంధువులకు సంస్థ సొమ్ముతో లాభం చేకూరిస్తే పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. జీతం ఎంతో, ఎవరికో, ఎందుకో మీటింగులో తీర్మానం రాసి, ఆ బంధువు ఉన్న సభ్యుడిని ఆ తీర్మానంలో ఓటు వేయనివ్వకండి.

4. రిజిస్ట్రేషన్, త్వరగా

ఒక్కసారి చేసే పని అయితే సంఘం రిజిస్టర్ చేయనే వద్దు. బడి పనైతే బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీతో, ఊరి పనైతే గ్రామ సమాఖ్యతో కలిసి చేయండి. వాళ్లకు బ్యాంకు ఖాతా, మినిట్స్ పుస్తకం, లెక్కలు రాసే మనిషి ఉన్నారు.

ఏళ్ల తరబడి నడపాలంటే కనీసం ఏడుగురితో 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించండి. తర్వాత పాన్, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదులు, స్వచ్ఛంద సంస్థల కోసం ఉన్న నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో గుర్తింపు నంబరు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి, ఆడిటర్‌ను అడిగి రాసుకోండి. జిల్లా కేంద్రంలో సొసైటీల పని తెలిసిన ఆడిటర్‌ను పట్టుకోవడం మేలు. అందరికీ ఈ పని రాదు.

5. డబ్బు అడగడం

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను భూమి అడిగిన తీరు చూడండి. 40 కుటుంబాలకు 80 ఎకరాలు కావాలి, సగం తరి, సగం మెట్ట. ఎంతమందికి, ఎంత, ఎట్లాంటిది, అన్నీ ఆ అడగడంలోనే ఉన్నాయి. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. "పేదలకు సాయం చేయండి" అని అడిగి ఉంటే ఆ సభ ఎట్లా ముగిసేదో మనకు తెలియదు. ఆ తర్వాత దేశమంతా భూదానం నడిచింది. చాలాచోట్ల ఇచ్చిన భూమి సాగుకు పనికిరాకపోవడం, పంపకం సాగకపోవడం, రికార్డులు చిక్కుపడటం కూడా జరిగాయి. అడగడం ఒక పని, ఇచ్చినదాన్ని చివరిదాకా చేర్చడం ఇంకో పని. రెండో పనికి కూడా మొదటి రోజే అడగాలి.

ఎక్కువమంది ఎంచుకునే దారి ఫంక్షన్ హాల్ సభ. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు, భోజనాలు. 90,000 ఖర్చయి 2,40,000 వచ్చిందనుకోండి, మిగిలింది లక్షన్నర. ఖర్చు పెట్టడం తప్పని నేను అనను. పెట్టిన రూపాయికి ఎన్ని వచ్చాయి, ఇచ్చినవాళ్లలో మళ్లీ ఏడాది ఎందరు ఇచ్చారు, ఈ రెండూ రాసుకోకపోవడమే తప్పు. చాలా సంఘాల్లో మళ్లీ ఏడాది అదే హాలు, కొత్త శాలువాలు, కొత్త ముఖాలు. పాతవాళ్లు ఎందుకు రాలేదని అడిగే దిక్కే ఉండదు.

ఇంకో దారి నెలవారీ చందా. యూపీఐ ఆటోపే పెట్టిస్తే నెలకు 250 చొప్పున 120 మంది అయినా 30,000 వస్తుంది. అయితే అది దానంతట అది రాదు. దాతలకు ఫోన్ చేసి, పని ఎట్లా సాగుతోందో చెప్పి, బ్యాంకు ఖాతా మారి ఆగిపోయిన చందాను మళ్లీ ఎక్కించే మనిషి కావాలి. ఇంట్లో ఉండి రోజుకు రెండు గంటలు పనిచేసే ఒకామెకు నెలకు 6,000 ఇవ్వండి. మొదటి నాలుగైదు నెలలు చేతి చమురు వదులుతుంది, ఆ తర్వాత ఆ చందానే సంఘానికి అన్నం పెడుతుంది. వాటర్ ప్లాంటు లోటు 5,000 ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే.

ఎవరి చేతికి ఎప్పుడు పైసలు వస్తాయో చూసి అడగండి. జీతగాళ్లను నెల మొదటి వారంలో. రైతును సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ నుంచి పైసలు పడ్డాక, బత్తాయి తోట ఉంటే కాత అమ్ముడయ్యాక. కల్లం దగ్గర ఒక బస్తా వడ్లు అడిగితే ఇచ్చే రైతు, అదే విలువ నగదుగా అడిగితే ఆలోచిస్తాడు. వడ్లే తీసుకుని మీరు అమ్ముకోండి. వలస పోయిన పాలమూరు జనం పండుగలకు, జాతరలకు ఊరికి వస్తారు. కురుమూర్తి జాతర రోజుల్లో ఊళ్లో ఒక పూట మీటింగు పెడితే ఏడాదంతా ఫోన్లో దొరకనివాళ్లు ఎదురుగా కూర్చుంటారు. వాళ్లను పైసలు ఒక్కటే కాదు, ఏం చేయాలో కూడా అడగండి.

పన్ను మినహాయింపు ఆశ చూపేటప్పుడు జాగ్రత్త. కొత్త పన్ను విధానంలోకి మారిన ఉద్యోగికి 80జీతో లాభం లేదు. 2,000 దాటిన నగదు చందాకు పాత విధానంలో ఉన్నవాళ్లకు కూడా మినహాయింపు రాదు. వస్తు రూపంలో ఇచ్చినదానికీ రాదు. మినహాయింపు ఇస్తామని చెప్పి, ఏడాది చివర దాతల వివరాలు పన్ను శాఖకు పంపకుండా, సర్టిఫికెట్ ఇవ్వకుండా ఊరుకుంటే ఆ దాత మళ్లీ మీ ఫోన్ ఎత్తడు.

అమెరికా దోస్తుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తెలియక చిక్కుల్లో పడేవాళ్లు ఎక్కువ. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపిన ప్రతి డాలరూ విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత నమోదున్న సంస్థ తన విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. కాబట్టి ప్రతి దాతను ముందే అడగండి: "అన్నా, ఏమీ అనుకోకు, పాస్‌పోర్టు ఏ దేశానిది?" ఇక్కడున్న తమ్ముడి ఖాతాలో వేసి అటు నుంచి ఇటు మళ్లిద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ దారి తొక్కకండి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్‌ఆర్ సొమ్ము కూడా ఉంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో, చౌటుప్పల్–చిట్యాల రోడ్డు మీద ఫార్మా కంపెనీలు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మీ సంఘం సీఎస్‌ఆర్-1 ఫారం నింపి ఉండాలి. "పరిపాలన ఖర్చుకు 5 శాతమే ఇస్తాం, జీతాలు ఇవ్వం" అని అక్కడివాళ్లు అంటే, ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగానికి పెట్టుకునే ఖర్చు మీదని, ప్రాజెక్టులో పనిచేసే మనిషి జీతం మీద కాదని మర్యాదగా చెప్పండి.

ఎవరి సొమ్ము ముట్టకూడదో కూడా ముందే తీర్మానం చేసుకోండి. సొమ్ము వచ్చి టేబుల్ మీద కూర్చున్నాక ఆ చర్చ జరగదు. ఊరి బావుల్లో రసాయనాలు కలుస్తున్నాయని జనం మొత్తుకుంటున్న చోట అదే కంపెనీ ఇచ్చే స్కూలు బ్యాగులు తీసుకుంటారా? కొన్ని ఊళ్లలో బెల్టు షాపుకు వేలం పాట పెట్టి ఆ సొమ్మును ఊరి అభివృద్ధికి వాడతారు, అందులో వాటా ఇస్తామంటే? నన్నడిగితే వద్దనే అంటాను. పొద్దున తాగుడు సొమ్ముతో పిల్లలకు పుస్తకాలు కొని, రాత్రి ఆ పిల్లల తండ్రి ఎక్కడున్నాడని వెతకడం నాకు అర్థం కాని సేవ.

6. లెక్క గోడ మీద

వినాయక చవితి మండపం దగ్గర ఎవరు ఎంత చందా ఇచ్చారో బోర్డు మీద రాస్తారు, మైకులో చదువుతారు. ఎంత ఖర్చయిందో మాత్రం కమిటీకే తెలుసు. మీరు ఖర్చు కూడా రాయండి. ప్లాంటు గోడకు నల్లరంగు వేసి, సుద్దముక్కతో ప్రతినెలా 5వ తేదీలోపు:

డబ్బాల అమ్మకం 15,200. సంఘం ఇచ్చింది 5,000. మొత్తం వచ్చింది 20,200. జీతం 8,000. కరెంటు 4,870. ఫిల్టర్లు 1,900. నీళ్ల పరీక్ష 500. రిపేరు 1,150. మెంబ్రేన్ కోసం దాచింది 2,500. మొత్తం పోయింది 18,920. మిగిలింది 1,280. ఈ నెల ఫ్లోరైడ్ 0.6. ప్లాంటు నడవని రోజులు 2.

చివరి రెండు లైన్లు మర్చిపోవద్దు. పైసల లెక్క సరిగ్గా ఉండి నీళ్లు రాకపోతే ఆ లెక్క ఎవరికి కావాలి? బడి పనైతే అక్కడ హాజరు రాయండి, పింఛను పనైతే ఎన్ని దరఖాస్తులు పెట్టారో, ఎన్ని మంజూరయ్యాయో, ఎన్ని ఏ ఆఫీసులో ఆగాయో రాయండి. లబ్ధిదారుల పేర్లు, ముఖాలు మాత్రం గోడ మీదికీ, వాట్సాప్‌లోకీ ఎక్కించకండి. నోటుబుక్కు పట్టుకుని నిలబడిన పిల్ల రేపు పెద్దదయ్యాక ఆ ఫొటో చూసుకుంటుంది.

మార్చి నెల వచ్చిందంటే "మిగిలిన సొమ్ము ఖర్చు పెట్టేయాలి" అని హడావుడి మొదలవుతుంది. ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు చూపాలనే నియమం నిజమే, కానీ 15 శాతం దాచుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ ఫలానా పని కోసం కొన్నేళ్లు ఆపుకోవాలంటే దానికీ ఫారం ఉంది. గడువులోపు ఆడిటర్‌తో వేయించండి. కనీసం ఆరు నెలల జీతాలకు సరిపడా సొమ్ము ఖాతాలో ఉండటం పిసినారితనం కాదు. కరోనా లాక్‌డౌన్‌లో చందాలు ఆగినప్పుడు అట్లాంటి నిల్వ ఉన్నవాళ్లే పనివాళ్లను నిలుపుకోగలిగారు.

7. ఆపాల్సినప్పుడు ఆపడం, అప్పగించడం

ఏడాదికి ఒకసారి మొదటి కాగితం మీది వాక్యాన్ని బయటికి తీసి చదవండి. మారాలనుకున్నది మారిందా? మారకపోతే ఎందుకని దాతలకు రాయండి, ఆ ఉత్తరానికి మీరు భయపడినంత కోపం రాదు. భగీరథ నీళ్లు నిలకడగా వచ్చి, పరీక్షలో బాగుండి, డబ్బాలు రోజుకు 20 కూడా అమ్ముడుపోకపోతే ప్లాంటు మూసి, సామాను అమ్మి, ఆ సొమ్ముతో ఏం చేయాలో గ్రామ సమాఖ్యలో తీర్మానం పెట్టండి. సొసైటీనే రద్దు చేస్తే మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, అట్లాంటి ఉద్దేశాలున్న ఇంకో సంస్థకు ఇవ్వాలి. ఆ సంస్థ పేరు నిబంధనావళిలో కాకపోయినా మినిట్స్‌లో ముందే అనుకుని రాసిపెట్టుకుంటే గొడవలు తగ్గుతాయి.

కమిటీ మారినప్పుడు చేతికి అందాల్సినవి: నగదు పుస్తకం, రసీదు బుక్కులు వాడినవీ వాడనివీ, మినిట్స్ పుస్తకం, ప్లాంటు తాళాలు రెండు సెట్లు, కరెంటు సర్వీసు నంబరు, దాతల జాబితా, కొత్త సంతకాలు బ్యాంకులో మారినట్టు రుజువు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరు, మెయిల్ కూడా అదే రోజు మార్చండి. ఓటీపీ దుబాయ్‌లో ఉన్న పాత కార్యదర్శి ఫోన్‌కు పోతుంటే, గడువు రోజు రాత్రి పదకొండింటికి ఆయన డ్యూటీలో ఉంటాడు.